ఒక కుటుంబం, మూడు అలాస్కా రూట్లు: గ్లేసియర్ క్రూజ్ ఎంపికలో ఒక కేస్ స్టడీ

నేను సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటూ తెలుగు కుటుంబాలకు ప్రయాణాలు కుదిర్చే పని చేస్తుంటాను. ఏటా జనవరి వచ్చిందంటే నాకు అలాస్కా ఫోన్లు మొదలవుతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఎండాకాలం సెలవుల్లో ఎక్కడికైనా తీసుకెళ్లాలి, నయాగరా ఇదివరకే చూపించేశాం, ఈసారి మంచు కొండలు చూపిద్దామనుకుంటున్నాం అంటారు. ఇక్కడ రాస్తున్నది 2025లో అలా వచ్చిన ఒక కేసు. ఆ కుటుంబం అనుమతితోనే, పేర్లు లేకుండా రాస్తున్నాను. ఇందులో నేను సరిగ్గా ఆలోచించినవీ ఉన్నాయి, తప్పు లెక్క వేసినవీ ఉన్నాయి.

ఫోన్ చేసిన అబ్బాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. అబ్బాయిది హెచ్-1బి ఉద్యోగ వీసా, అమ్మాయిది భార్యగా వచ్చే హెచ్-4 మీద వచ్చిన పని అనుమతి. పెద్దమ్మాయికి పన్నెండేళ్లు, హైదరాబాదులో పుట్టింది. చిన్నవాడికి ఏడేళ్లు, ఇక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. నాన్నగారికి 71 ఏళ్లు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి, ధవళేశ్వరం బ్యారేజీ మీద చాలాకాలం గడిపి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులున్నాయి. అమ్మగారికి 66. ఇద్దరూ రాజమండ్రి నుంచి విజిటర్ వీసా మీద ఫిబ్రవరిలో వచ్చారు. అబ్బాయి నన్ను మొదటి ఫోన్లోనే అక్కా అన్నాడు, నేను వాళ్ల నాన్నగారిని బాబాయిగారనీ, అమ్మగారిని పిన్నిగారనీ పిలవడం మొదలుపెట్టాను.

"అక్కా, మూడు రూట్లు చూసి పెట్టుకున్నాను. ఏది చవగ్గా వస్తే అది బుక్ చేసెయ్యి" అన్నాడు.

అతను పంపిన మూడూ ఇవి.

మొదటిది సియాటిల్ నుంచి బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే ఏడు రాత్రుల షిప్పు. జూనో, స్కాగ్వే, కెచికాన్ రేవులు, మధ్యలో ట్రేసీ ఆర్మ్ అనే సన్నటి ఫియోర్డులో, అంటే నిలువు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, సాయర్ గ్లేసియర్లు (నెమ్మదిగా కదిలే మంచు నదులు), చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియా. మూడింట్లో ఇదే చవక.

రెండోది వాంకూవర్ నుంచి వాంకూవర్‌కి, అదీ ఏడు రాత్రులే. రేవులు అవే మూడు, కానీ గ్లేసియర్ కోసం ఒక రోజు మొత్తం గ్లేసియర్ బే నేషనల్ పార్కులో.

మూడోది వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలోని స్యూవర్డ్‌లో దిగిపోయేది. ఇందులో గ్లేసియర్ బే లేదు, దాని బదులు హబ్బర్డ్ గ్లేసియర్ ఉంది. దిగాక ఆంకరేజ్ దాకా బస్సో రైలో, అక్కణ్ణుంచి విమానం. ఖర్చు మొదటిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

నేను ధర గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా మూడు ప్రశ్నలు వేశాను. మీలో ఎవరెవరి దగ్గర కెనడా వీసా ఉంది? ఘాట్ రోడ్డు మీద బస్సెక్కితే ఎవరికి కడుపులో తిప్పుతుంది? ఈ ట్రిప్పులో తప్పనిసరిగా చూడాల్సిందేమిటో అమ్మానాన్నలనే అడిగారా? మూడో ప్రశ్నకు అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఫోన్ తీసుకెళ్లి వాళ్లకిచ్చాడు.

పిన్నిగారు చెప్పింది నాకిప్పటికీ గుర్తే. "బదరీనాథ్ వెళ్లినప్పుడు దూరంగా తెల్లగా కనబడ్డాయమ్మా కొండలు. ఆ మంచు దగ్గరికెళ్లి, అది నీళ్లల్లో పడుతుంటే చూడాలని ఉంది. అంతకుమించి ఇంకేం అక్కర్లేదు." ప్రయాణంలో ఇబ్బంది ఏమైనా ఉంటుందా అని అడిగితే, శ్రీశైలం ఘాట్‌లో ప్రతిసారీ వాంతులవుతాయనీ, పాపికొండల లాంచీలో మాత్రం ఏమీ కాలేదనీ చెప్పారు. రూటు సంగతి సగం ఆ జవాబులోనే తేలిపోయింది. నది మీద లాంచీలాంటి నీళ్లు ఆవిడకు పరవాలేదు. ఎత్తిపడేసే నీళ్లు పడవు.

విక్టోరియాలో ఎందుకు ఆగుతుంది

ముందు కాగితాల సంగతి చెప్తాను. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

అమెరికాలో 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ చట్టమని ఒకటుంది. దాని ప్రకారం విదేశీ జెండా ఉన్న షిప్పు ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించకూడదు. ఎక్కిన రేవుకే తిరిగి తెచ్చి దించాలన్నా, మధ్యలో ఒక విదేశీ రేవైనా తగలాలి. పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, పనామాలాంటి జెండాల కింద తిరిగేవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే షిప్పు చివరి సాయంత్రం విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుంది. సియాటిల్‌లో ఎక్కి స్యూవర్డ్‌లో దిగే రూటు ఆ షిప్పులకు కుదరక, ఒకవైపు రూట్లు దాదాపు అన్నీ వాంకూవర్‌లో మొదలవుతాయి, లేదా అక్కడ ముగుస్తాయి.

"సియాటిల్ నుంచే కదా అక్కా, కెనడా గొడవ ఉండదనుకున్నాను" అన్నాడు అబ్బాయి. అందరూ అలాగే అనుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డు లేకపోతే, కెనడా వెళ్లడానికి విజిటర్ వీసా కావాలి. హెచ్-1బి ఉన్నా అంతే, అమెరికా విజిటర్ వీసా ఉన్నా అంతే. విక్టోరియాలో కిందికి దిగం, గదిలోనే కూర్చుంటాం అంటే కుదురుతుందేమో అన్న ఆశ పెట్టుకోవద్దు. ఎక్కే రోజు రేవులో కాగితాలు చూసేది షిప్పు కంపెనీ మనుషులు, రూట్లో ఉన్న ప్రతి దేశానికీ వాళ్లు కాగితం అడుగుతారు. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద దంపతుల్ని సియాటిల్ రేవులోంచి ఇలాగే వెనక్కి పంపించేశారు. కొడుకూ కోడలూ గ్రీన్ కార్డు వాళ్లు, పిల్లలు పౌరులు, వాళ్లందరికీ దారి సుగమమే. ఆ టికెట్లు నేను చేసినవి కావు, అయినా ఆ మధ్యాహ్నం వాళ్లబ్బాయి చేసిన ఫోన్ ఎత్తింది నేనే. పెట్టెలు తీసుకుని పక్కన నిలబడిన ఆ పెద్దావిడ "మీరంతా వెళ్లిరండి" అంటున్న గొంతు ఫోన్లో వినబడుతూనే ఉంది. ఆ రోజు నుంచీ నా మొదటి ప్రశ్న కెనడా వీసాయే.

అంటే ఈ కుటుంబం మూడు రూట్లలో ఏది ఎంచుకున్నా చిన్నవాడు తప్ప మిగిలిన ఐదుగురికీ కెనడా వీసా కావాల్సిందే. కాగితాల విషయంలో సియాటిల్ రూటుకున్న సౌలభ్యం కేవలం పైకి కనబడేదే. వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలు 14 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లకే కాబట్టి పెద్దమ్మాయికి అక్కర్లేకపోయింది. అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నవాళ్లు దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టి, వేలిముద్రలు ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖవాళ్ల అప్లికేషన్ సపోర్ట్ సెంటర్లోనే ఇవ్వొచ్చు. ఇండియా వెళ్లనక్కర్లేదు.

ఇంకో ముడి ఉంది. వాంకూవర్ నుంచి వాంకూవర్ రూటులో అమెరికాలోకి రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. వాంకూవర్‌లోని కెనడా ప్లేస్ రేవులో షిప్పెక్కే ముందే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు చూస్తారు, అది ఒకటి. వారం తర్వాత వాంకూవర్‌లో దిగి, ఎయిర్‌పోర్టులో డాలస్ విమానం ఎక్కేముందు మళ్లీ చూస్తారు, అది రెండు. అమ్మానాన్నలది పదేళ్ల మల్టిపుల్ వీసా కాబట్టి దిగుల్లేదు. అబ్బాయికీ అతని భార్యకీ మాత్రం పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయింది. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు మాత్రం చెల్లుబాటులోనే ఉంది. ఇలాంటివాళ్ల కోసం ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన ఉంది. ముప్పై రోజుల్లోపు కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లొచ్చి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టకుండా ఉంటే, పాత స్టాంపుతోనే తిరిగి రానిస్తారు. నిబంధన నాకు తెలుసు, కానీ నేను లాయర్ని కాను. అతని కంపెనీ తరఫు లాయరుతో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే ముందుకెళ్దామన్నాను. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ నేనేమీ బుక్ చెయ్యలేదు. చవక ధర పోతుందని అతను కంగారుపడ్డాడు. నిజంగానే కొంచెం పెరిగింది కూడా. అయినా ఆ ఆలస్యం సరైనదేనని నా నమ్మకం.

బాబాయిగారి హబ్బర్డ్

లాయరు జవాబు కోసం చూస్తున్న రోజుల్లోనే ఈ కేసు నేననుకోని మలుపు తిరిగింది. మూడు రూట్లలోని గ్లేసియర్ల గురించి పెద్దవాళ్లకు వీడియో కాల్‌లో చెప్తున్నాను. హబ్బర్డ్ దగ్గరకొచ్చేసరికి బాబాయిగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

హబ్బర్డ్ ఉత్తర అమెరికాలో సముద్రాన్ని తాకే గ్లేసియర్లన్నింటిలోకీ పెద్దది. 76 మైళ్ల పొడవు. నీళ్లను తాకే ముఖమే ఆరు మైళ్లకు పైగా వెడల్పు, ఎత్తు కొన్ని చోట్ల 400 అడుగుల దాకా. అలాస్కాలో చాలా గ్లేసియర్లు వెనక్కి పోతుంటే ఇది వందేళ్లకు పైగా ముందుకు జరుగుతూనే ఉంది. దాని ముఖానికి ఎదురుగా రస్సెల్ ఫియోర్డు అనే పొడుగాటి నీటిపాయ నోరు ఉంటుంది. 1986 మే నెలలో గ్లేసియర్ ముందుకు జరిగి ఆ నోరు మూసేసింది. లోపల నీళ్లు చేరి చేరి సముద్రమట్టం కంటే 25 మీటర్లు లేచాయి. అక్టోబరులో ఆ మంచు కట్ట తెగింది. తెగినప్పుడు గరిష్ఠ ప్రవాహం సెకనుకు లక్ష ఘనపు మీటర్లు దాటింది.

"లక్ష ఘనపు మీటర్లంటే ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు" అన్నారు బాబాయిగారు, కాగితం కూడా తీసుకోకుండా. తర్వాత కాసేపు ఆగి, "ఏ సంవత్సరమన్నావమ్మా?" అని మళ్లీ అడిగారు.

1986 ఆగస్టు. గోదావరి జిల్లాల్లో ఆ తేదీ తెలియని పెద్దవాళ్లుండరు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచిన వరద అది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. బాబాయిగారికి అప్పుడు 32 ఏళ్లు. గట్ల మీద ఇసుక బస్తాలు వేయిస్తూ మూడు రాత్రులు ఇంటికి పోలేదట. "అదే ఏడు, అంతే నీరు, అక్కడ ఒక మంచు కట్ట తెంచుకుని వచ్చిందా?" అన్నారు. అప్పటిదాకా ఎక్కడికైనా సరే అన్న మనిషి, ఆ నిమిషం నుంచి హబ్బర్డే కావాలన్నారు.

ఒక ప్రయాణం కుదిర్చేటప్పుడు నాకు అన్నింటికన్నా విలువైన క్షణం ఇదే. ఒక మనిషికి ఒక చోటు ఎందుకు కావాలో తెలిసిపోతుంది. అప్పుడు "అది కుదరదండీ" అనడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

కుదరదని చెప్పడానికి నా కారణాలు రెండు. హబ్బర్డ్ యాకుటాట్ బే లోపల ఉంది. అక్కణ్ణుంచి స్యూవర్డ్ వెళ్లాలంటే షిప్పు ఒక రాత్రంతా గల్ఫ్ ఆఫ్ అలాస్కా మీద, అడ్డం లేని పసిఫిక్ అలల్లో నడవాలి. శ్రీశైలం ఘాట్‌కే తట్టుకోలేని పిన్నిగారికి అది వద్దనే చెప్తాను. రెండోది, జూన్‌లో హబ్బర్డ్ ముందు మంచు ముక్కలు దట్టంగా తేలుతుంటాయి. షిప్పు కెప్టెన్ ఎంత దగ్గరికి వెళ్లగలడో ఆ రోజు ఆ గంటలోనే తేలుతుంది. కొన్ని మైళ్ల దూరం నుంచే తిప్పేసిన రోజులు చాలా ఉంటాయి. పిన్నిగారు కోరింది దగ్గర్నుంచి చూడాలని. పైగా పిల్లల సెలవుల వల్ల జూన్ తప్ప వేరే నెల కుదరదు.

గ్లేసియర్ దగ్గర ఎన్ని గంటలు

రూట్లు పోల్చేటప్పుడు నేను గీసే పట్టిక చాలా చిన్నది. షిప్పు పేరూ, భోజనశాలల లెక్కా అందులో ఉండవు. గ్లేసియర్ ముందు ఎన్ని గంటలు, అది ఏ గ్లేసియర్, అక్కడికి చేరకపోయే ప్రమాదం ఎంత, దారిలో అడ్డం లేని సముద్రం ఎంత. రేవులు దాదాపు అన్ని రూట్లలోనూ అవే కాబట్టి వాటి గురించి తల పగలగొట్టుకోను.

ట్రేసీ ఆర్మ్ చాలా అందమైన చోటు. రెండువైపులా నిలువు రాతి గోడలు, వాటి మీంచి జారే జలపాతాలు. కానీ సాధారణంగా షిప్పు పొద్దున్నే అందులోకి వెళ్లి తిరిగి, మధ్యాహ్నానికి జూనో చేరాల్సి ఉండేది. చేతిలో ఉండేది కొన్ని గంటలే. దారి సన్నం కాబట్టి తేలే మంచు ఎక్కువుంటే గ్లేసియర్ కనబడే మలుపు దాకా కూడా పోకుండానే తిప్పి, పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కి తీసుకెళ్లేవారు. అక్కడ డాస్ గ్లేసియర్ ఉంటుంది, అదీ మంచిదే. కానీ ఇంత దూరం వచ్చాక ఆవిడకు చూపించేది మంచు వల్ల మారిపోయే రూటు కాకూడదనుకున్నాను. మేము ఆ రూటు వద్దనుకున్న కొన్ని నెలలకే, 2025 ఆగస్టు 10న, సౌత్ సాయర్ గ్లేసియర్ దగ్గర కొండచరియ విరిగి ఫియోర్డులో పడి పెద్ద సునామీ లేచింది. తెల్లవారుజామున జరగడం వల్ల ఆ సమయానికి పెద్ద షిప్పులేవీ లోపల లేవు. ఇది ముందే ఊహించానని నేను చెప్పుకోను, నాకు తెలియదు. గ్లేసియర్ వెనక్కిపోతే దాని ఆసరా మీద నిలబడ్డ కొండ వాలు వదులవుతుందన్న సంగతి మాత్రం అప్పట్నుంచి ఫియోర్డు రూట్లు అడిగే ప్రతివాళ్లకూ చెప్తున్నాను.

గ్లేసియర్ బే సంగతి వేరు. అది జాతీయ పార్కు. రోజుకు రెండు పెద్ద షిప్పులకే అనుమతి. అనుమతి ఒప్పందాలు కొన్ని కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి, అందుకే అన్ని షిప్పులూ అక్కడికి వెళ్లవు. రేవులో ఆగడం ఉండదు. పార్కు రేంజర్లే చిన్న పడవలో వచ్చి షిప్పెక్కి, రోజంతా మైకులో వివరిస్తారు. లోపలికి వెళ్లి రావడానికే తొమ్మిది పది గంటలు. దాదాపు 65 మైళ్లు లోపలికి వెళ్లాక మార్జరీ గ్లేసియర్ ముందు షిప్పు దాదాపు గంటసేపు నిలబడుతుంది. నిలబడి రెండు వైపులకూ తిరుగుతుంది. కాబట్టి బాల్కనీ ఎడమవైపు కావాలా కుడివైపు కావాలా అని డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు. నీటి మీద 250 అడుగుల మంచు గోడ, వెడల్పు మైలు. పక్కనున్న జాన్స్ హాప్కిన్స్ పాయ మాత్రం సీల్ అనే సముద్ర జంతువులు పిల్లల్ని పెట్టే కాలం కనుక ఆగస్టు చివరిదాకా క్రూజ్ షిప్పులకు మూసే ఉంటుంది. సెప్టెంబరులో వెళ్లగలిగినవాళ్లకు అదొక అదనం.

ఇక సముద్రం. సియాటిల్ షిప్పులు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి పక్క నుంచి, అంటే బయటి పసిఫిక్ మీంచి వెళ్తాయి. సియాటిల్ నుంచి గ్లేసియర్ బే వెళ్లే షిప్పులూ ఉన్నాయి, వాటికీ ఆ అలలు తప్పవు. వాంకూవర్ షిప్పులు ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య, ఇన్‌సైడ్ పాసేజ్‌లో వెళ్తాయి. అచ్చంగా పాపికొండల దారిలాగే ఉంటుంది, కొండల మధ్య నిలకడ నీళ్లు. ఆ దారిలో సీమోర్ నారోస్ అనే ఇరుకు జలసంధి ఉంది. షిప్పుల్ని చీల్చే ఒక నీటి అడుగు రాయిని అక్కడ 1958 ఏప్రిల్ 5న వెయ్యి టన్నులకు పైగా పేలుడు పదార్థం పెట్టి పేల్చేశారు. హబ్బర్డ్ పోయిన బాధలో ఉన్న బాబాయిగారికి ఈ కబురు చెప్తే, ఆ రాతి కిందికి సొరంగం ఎలా తవ్వారో కనుక్కుని చెప్పమన్నారు. కనుక్కుని చెప్పాను కూడా. పక్క ద్వీపంలోంచి నిలువుగా దిగి, సముద్రం అడుగున అడ్డంగా వెళ్లి, రాతి లోపలికి పైకి తవ్వుకుంటూ వెళ్లారు.

చివరి మాట పిన్నిగారిది. "ఆయనకి కావాల్సింది వేరే ఉందని నాకు తెలుసమ్మా. నా మూలంగా పోతోందంటే బాధగా ఉంది" అన్నారు. అవతల నుంచి బాబాయిగారు "గ్లేసియర్ బే అంటే మాత్రం తక్కువా, అరవై మైళ్లు వెనక్కిపోయిన మంచు అది" అన్నారు. అప్పటికే చదివేశారన్నమాట. 1794లో జార్జ్ వాంకూవర్ మనుషులు అటు వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు, నోటి దగ్గరే మంచు గోడ. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి ముప్పై మైళ్లకు పైగా నీళ్లు తేలాయి. 1916 నాటికి అరవై. రెండో రూటే ఖాయమైంది.

కుదుర్చుకున్న తీరు

తిరిగి ఇచ్చే అడ్వాన్సుతో మార్చిలో బుక్ చేశాం. మిగతా డబ్బు పూర్తిగా కట్టాల్సిన గడువుకు ముందే కెనడా వీసాలు చేతికి రాకపోతే రద్దు చేసుకునేలా మాట అనుకున్నాం. అలా జరిగితే ఏం చెయ్యాలో కూడా కాగితం మీద ఉంచాను. సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కి విమానంలో వెళ్లి, స్యూవర్డ్ నుంచి కీనై ఫియోర్డ్స్ పడవ, విటియర్ నుంచి ప్రిన్స్ విలియం సౌండ్ పడవ. రెండూ ఒక పూటలో వెళ్లొచ్చే అమెరికా పడవలే, కెనడా కాగితమేదీ అక్కర్లేదు. కెనడా వీసా లేని తల్లిదండ్రులు గ్లేసియర్లు చూడలేరని ఎవరన్నా అంటే నమ్మకండి. పెద్ద క్రూజ్ షిప్పు మాత్రమే కుదరదు.

వీసాలు ఏప్రిల్ చివర్లో వచ్చాయి, గడువుకు పది రోజులు కూడా లేకుండా. ఈసారి నేను నేర్చుకున్నది ఇది. కెనడా దరఖాస్తు జనవరిలోనే, రూటు తేలకముందే పెట్టించాలి.

గదులు షిప్పు మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకున్నాం. కదలిక తక్కువుండే చోటు అదే. పెద్దవాళ్లకు బాల్కనీ, మోకాళ్ల వల్ల ఆయన గదిలోంచే చూసేలా. పిన్నిగారి వాంతుల మాత్ర సంగతి వాళ్ల డాక్టర్నే అడగమన్నాను. కుక్కర్ తెచ్చుకోవచ్చా అని అమ్మాయి అడిగింది. వేడిచేసే కరెంటు సామాను షిప్పులో ఎక్కనివ్వరు. సీలు వేసిన ఆవకాయ, పొడుల ప్యాకెట్లు చాలన్నాను. భోజనశాల పెద్దతో మొదటి రాత్రే మాట్లాడి, మర్నాటి శాకాహారం ముందు రాత్రే చెప్పే ఏర్పాటు చేసుకోమన్నాను. పెరుగూ అన్నమూ ప్రతిపూటా దొరికాయట.

జరిగింది

షిప్పెక్కేరోజు కెనడా ప్లేస్‌లో అబ్బాయిని పక్కకు పిలిచి ఐ-94, పిటిషన్ కాగితం, లాయరు లేఖ చూశారు. ఇరవై నిమిషాల్లో వదిలారు. వాంకూవర్‌కి ఒకరోజు ముందే చేరమనడం ఇలాంటి ఇరవై నిమిషాలు రెండు గంటలయ్యే రోజు కోసమే.

కెచికాన్‌లో వాన. ఏడాదికి 140 అంగుళాలు దాటి కురిసే ఊరు, వింతేం కాదు.

జూనోలో నా తప్పు బయటపడింది. మెండెన్‌హాల్ గ్లేసియర్ దగ్గర నగ్గెట్ జలపాతం దాకా ఉన్న కాలిబాట చదునుగా ఉంటుందనీ, బాబాయిగారు నడవగలరనీ చెప్పాను. బాట చదునే. కానీ వెళ్లిరావడం కలిపి మైలున్నర దాటుతుంది, దానికి తోడు బస్సు కోసం నిలబడటం. ఎత్తుపల్లాలు చూశాను కానీ మొత్తం ఎంతసేపు కాళ్ల మీద ఉంటారో లెక్కించలేదు. ఆ రాత్రి ఆయన మోకాలు వాచిపోయింది. మర్నాడు స్కాగ్వేలో వైట్ పాస్ రైలు కూర్చుని వెళ్లేది కాబట్టి గట్టెక్కాం. 1898లో మొదలెట్టి 1900లో పూర్తిచేసిన మూడడుగుల పట్టాల రైలు, ఇరవై మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఎడమవైపు కూర్చోమన్నాను, లోయ అటే ఉంటుంది. ఇప్పుడు పెద్దవాళ్లకు ఏ చోటు చెప్పినా మొత్తం ఎన్ని నిమిషాలు నిలబడాలో, ఎక్కడెక్కడ బల్ల ఉందో రాసి ఇస్తున్నాను.

గ్లేసియర్ బే రోజు పొద్దున్న మబ్బు, పదకొండింటికి తెరిపి. నాకు ఫోన్ చేసింది పిన్నిగారే, షిప్పు దిగాక. "ముందు ఏదో విరిగినట్టు కనబడిందమ్మా, చప్పుడు తర్వాతెప్పుడో వచ్చింది. మా చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు, నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. మూడుసార్లు పడింది." అంత పెద్దది కాబట్టి దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ షిప్పుకూ మంచుకూ మధ్య దూరం ఉంటుంది, చప్పుడు అందుకే ఆలస్యం.

బాబాయిగారు మాత్రం అందరూ చూస్తున్న మార్జరీని వదిలేసి, దాని పక్కనున్న నల్లటి దిబ్బలాంటిదాన్ని చూస్తూ ఉండిపోయారట. రాళ్లూ మట్టీ కప్పుకుని మంచులాగే కనబడదది. అదే గ్రాండ్ పసిఫిక్ గ్లేసియర్. ఆ అఖాతాన్ని అరవై మైళ్లు తొలిచింది అదే. రేంజరమ్మాయి బాల్కనీ అంతస్తుకు వచ్చినప్పుడు, ఈ బూడిద రంగు నీళ్లలో ఎంత వండు ఉంటుందని అడిగారట. వరద తగ్గాక గోదారి ఇదే రంగులో ఉంటుందని ఆ అమ్మాయికి చెప్పారట.

తిరుగు దారిలో ఒక రాత్రి పిన్నిగారికి కష్టమైంది. గ్లేసియర్ బే నుంచి దక్షిణంగా వచ్చేటప్పుడు షిప్పు కొంత దూరం ద్వీపాల బయటి నుంచి వచ్చింది. ఇన్‌సైడ్ పాసేజ్ అన్న పేరున్నంత మాత్రాన దారంతా లోపల ఉండదు. కొన్ని గంటలు అలలుండొచ్చని చెప్పాను గానీ, రాత్రంతా ఉండొచ్చని చెప్పలేదు. మాత్ర వేసుకుని పడుకున్నారు, ఒకసారే వాంతయింది. వాంకూవర్ ఎయిర్‌పోర్టులో రెండో ఇమిగ్రేషన్ మామూలుగానే దాటారు. ఇంటికి చేరాక అందరి ఐ-94లూ మళ్లీ డౌన్‌లోడ్ చేసి తేదీలు సరిచూసుకోమన్నాను.

ఆగస్టులో బాబాయిగారు రాజమండ్రి వెళ్లిపోయేముందు నాకు ఫోన్ చేశారు. యాకుటాట్ ఊళ్లో విమానం దిగుతుందా అని అడిగారు. దిగుతుంది. జూనో నుంచీ ఆంకరేజ్ నుంచీ జెట్ విమానం ఉంది, ఊళ్లో అద్దె పడవలున్నాయి, గల్ఫ్ దాటనక్కర్లేదు. అయితే వచ్చే ఏడు నేనూ అబ్బాయీ వెళ్తాం, మీ పిన్ని డాలస్‌లో మనవలతో ఉంటానంటోంది అన్నారు. పడవ ఎక్కడానికి ఎన్ని మెట్లు, రేవులో కూర్చునే చోటుందా అన్నవి ముందు రాసుకున్నాను. ఆ ప్లాను ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.